నలభై డిగ్రీల ఎండలో గేమింగ్: ప్రాసెసర్ వేడిని అదుపులో పెట్టుకున్న నా అనుభవం

విజయవాడలో ఏప్రిల్ మధ్య నుంచి తొలకరి పడేదాకా పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. మా ఇల్లు పై అంతస్తులో ఉండటం వల్ల పగలంతా ఎండకు కాగిన స్లాబు రాత్రి పదకొండు గంటల దాకా ఆ వేడిని గదుల్లోకి వదులుతూనే ఉంటుంది. కంప్యూటరు ఉన్న గదిలో ఏసీ లేదు. సీలింగ్ ఫ్యాను తిరుగుతూ ఉన్నా, బల్ల మీద పెట్టిన థర్మామీటరు రాత్రి తొమ్మిదింటికి కూడా 37, 38 డిగ్రీలు చూపే రోజులు ప్రతి వేసవిలోనూ ఉంటాయి. ఉద్యోగం ముగించుకుని వచ్చి, భోజనం చేసి, కాసేపు గేమ్ ఆడుకోవడానికి నాకు దొరికే సమయం కూడా సరిగ్గా అదే. ప్రాసెసర్ల గురించి ఇంటర్నెట్‌లో దొరికే పరీక్షల్లో చాలావరకు 21 నుంచి 25 డిగ్రీల గదిలో చేసినవి కాబట్టి, వాటిలోని అంకెలను మన వేసవికి ఉన్నవి ఉన్నట్టుగా అన్వయించుకోవడం కుదరదు. అందుకే మా గదిలో, నా కంప్యూటరు మీద, ఏ మార్పు వల్ల ఎన్ని డిగ్రీలు తగ్గిందో నేనే కొలిచి చూసుకోవలసి వచ్చింది.

నా కంప్యూటరులో ఉన్నది ఏఎండీ రైజెన్ 5 5600ఎక్స్. 2020 నవంబరులో విడుదలైన ఈ ప్రాసెసర్‌లో ఆరు కోర్లు, అంటే విడివిడిగా లెక్కలు చేసే ఆరు భాగాలు ఉంటాయి. పెట్టె మీద 65 వాట్లని ఉన్నా, బయోస్‌లో (కంప్యూటరు మొదలయ్యేటప్పుడు తెరుచుకునే మూల సెట్టింగుల్లో) ఏమీ మార్చకుండా వదిలేస్తే, మదర్‌బోర్డు మీద తాను కూర్చునే సాకెట్ ద్వారా 76 వాట్ల దాకా తీసుకోవడానికి దానికి అనుమతి ఉంటుంది. తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ ఉష్ణోగ్రత 95 డిగ్రీలు. దానికి తోడు ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉంది, అది పూర్తి భారంలో 170 వాట్ల వరకు తీసుకుంటుంది. ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చిన చిన్న కూలర్‌నే మొదట బిగించాను. జనవరి రాత్రుల్లో, గది 27 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, గేమ్ నడుస్తుండగా ప్రాసెసర్ 72 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా నిలిచేది. ఫ్యాను చప్పుడు తప్ప వేరే ఇబ్బంది ఏమీ కనిపించలేదు.

వేసవి ముదిరేసరికి ఆట మధ్యలో బొమ్మ తటపటాయించడం మొదలైంది. సెకనుకు తెర మీదికి వచ్చే బొమ్మల, అంటే ఫ్రేముల, సగటు సంఖ్య చూస్తే పెద్దగా తగ్గినట్టు కనిపించదు కానీ, ఒక మలుపు తిరిగినప్పుడో, ఒక్కసారిగా నలుగురు ప్రత్యర్థులు ఎదురైనప్పుడో తెర క్షణకాలం ఆగి ముందుకు దూకుతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము పెట్టి, గేమ్ ఆడుతున్నంతసేపూ అంకెలను ఫైలులోకి రాయించి చూశాను. మామూలు ఆటలో ఉష్ణోగ్రత 86 నుంచి 90 మధ్య ఉంది. కొత్త గేమ్ మొదటిసారి తెరిచినప్పుడు జరిగే షేడర్ల కంపైలింగ్‌లో (బొమ్మకు రంగులూ వెలుగునీడలూ దిద్దే చిన్న ప్రోగ్రాములను సిద్ధం చేసుకునే పనిలో) మాత్రం నేరుగా 95కు చేరి అక్కడే నిలబడింది. ఆ దశలో ఆరు కోర్లూ పూర్తిగా పనిచేస్తాయి కాబట్టి అసలు గేమ్‌లో కంటే అక్కడే వేడి ఎక్కువగా పుడుతుంది. ఆటలో ఎంత వేడెక్కుతోందో తెలుసుకోవాలంటే ఆ మొదటి కొద్ది నిమిషాల అంకెలను పక్కన పెట్టి, కనీసం అరగంట ఆడిన తరువాతి అంకెలనే చూడాలి. గదీ, కంప్యూటరు భాగాలన్నీ ఉండే క్యాబినెట్టూ పూర్తిగా వేడెక్కడానికి అంతసేపు పడుతుంది.

95 అనే అంకె చూసి భయపడేవారిని నేను చాలామందిని చూశాను. ఆ ఉష్ణోగ్రతకు చేరగానే ప్రాసెసర్ మాడిపోదు. తన క్లాక్ వేగాన్ని, వోల్టేజీని తానే తగ్గించుకుని ఆ గీత దాటకుండా చూసుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. ఏఎండీ తరువాత తెచ్చిన రైజెన్ 7000 శ్రేణిలోని కొన్ని ప్రాసెసర్లను భారీ పనిలో 95 దగ్గరే నడిచేలా రూపొందించారు కూడా. కాబట్టి నా సమస్య ప్రాసెసర్ పాడైపోతుందని కాదు. నేను డబ్బు పెట్టి కొన్న వేగం, సరిగ్గా నాకు అవసరమైన క్షణంలో అందకుండా పోతోందన్నదే సమస్య.

ఈ వ్యవహారంలో అన్నింటికంటే ముందు అర్థం చేసుకోవలసిన విషయం ఒకటుంది. గాలితో చల్లబరిచే ఏ కూలర్ అయినా ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. నీళ్ళతో నడిచే లిక్విడ్ కూలర్ కూడా చివరికి రేడియేటర్ ద్వారా వేడిని గది గాలిలోకే వదులుతుంది కాబట్టి దానికీ ఇదే పరిమితి వర్తిస్తుంది. గదికీ ప్రాసెసర్‌కీ మధ్య ఉండే తేడా, ప్రాసెసర్ తీసుకునే వాట్లను బట్టి, కూలర్ సామర్థ్యాన్ని బట్టి దాదాపు స్థిరంగా ఉంటుంది. జనవరిలో 27 డిగ్రీల గదిలో 72 చూపిన యంత్రం మేలో 38 డిగ్రీల గదిలో 83 చూపితే అందులో వింతేమీ లేదు, యంత్రంలో లోపమూ లేదు. కానీ నాకు కనిపిస్తున్నది 83 కాదు, 86 నుంచి 90. అంటే గది వేడి వల్ల పెరిగిన పదకొండు డిగ్రీలు పోగా, ఇంకా మూడు నుంచి ఏడు డిగ్రీలు మరెక్కడి నుంచో వస్తున్నాయి. అందుకే అప్పటి నుంచి నోటు పుస్తకంలో ప్రాసెసర్ ఉష్ణోగ్రతను ఒక్కటే రాయకుండా, పక్కన గది ఉష్ణోగ్రతను, రెండింటి మధ్య తేడాను కూడా రాయడం అలవాటు చేసుకున్నాను. తేడా రాయకపోతే, సాయంత్రం వాన పడి గది చల్లబడిన రోజున చేసిన మార్పు గొప్పగా పనిచేసినట్టు అనిపిస్తుంది.

మొదట అనుమానం క్యాబినెట్ మీదకు పోయింది. దాని ముందు భాగమంతా గాజు. రంగురంగుల లైట్లు బాగా కనిపిస్తాయి కానీ, గాలి లోపలికి రావడానికి ఉన్నవి పక్కన రెండు సన్నని చీలికలు మాత్రమే. ఆ చీలికల వెనుక ఉన్న ఫిల్టర్ మీద ధూళి దుప్పటిలా పేరుకుపోయి ఉంది. మా వీధిలో ఇళ్ళ నిర్మాణం ఎప్పుడూ ఏదో ఒకచోట జరుగుతూనే ఉంటుంది కాబట్టి సిమెంటు ధూళికి కొదవలేదు. ఫిల్టర్ కడిగి, హీట్‌సింక్ (కూలర్‌లో వేడిని గాలికి వదిలే లోహపు దిమ్మె) రెక్కల మధ్య దుమ్మును బ్లోయర్‌తో ఊదించాను. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో కదలకుండా పట్టుకోవడం మంచిది, లేకపోతే బ్లోయర్ వేగానికి ఫ్యాను అదుపు లేకుండా తిరిగి బేరింగు దెబ్బతినే అవకాశం ఉంది. శుభ్రం చేసినందువల్ల తేడా మూడు డిగ్రీలు తగ్గింది. ఆ తరువాత ముందున్న గాజు పలకను పూర్తిగా తీసేసి అదే గేమ్, అదే మ్యాప్ ఆడి చూస్తే మరో నాలుగు డిగ్రీలు తగ్గింది. కూలర్ మార్చకుండా, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, గాలికి దారి ఇవ్వడంతోనే ఇంత తగ్గడం చూశాక ముందు భాగం జాలీతో ఉన్న క్యాబినెట్ కొనాలని నిర్ణయించుకున్నాను.

పక్క తలుపు తీసేసి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టుకోవడం మన దగ్గర చాలామంది చేసే పని. నేనూ పరీక్షించాను. పనిచేస్తుంది, ఉష్ణోగ్రత వెంటనే తగ్గుతుంది. కానీ ఫిల్టర్ లేని దారిలో వచ్చే ధూళి అంతా నేరుగా మదర్‌బోర్డు మీదా గ్రాఫిక్స్ కార్డు మీదా చేరుతుంది, ఇంట్లో బల్లులు ఉంటే అవి కూడా వెచ్చని చోటు వెతుక్కుంటూ లోపలికి దూరతాయి. ఒక రాత్రి గడవడానికి తప్ప దీన్ని శాశ్వత ఏర్పాటుగా నేను సిఫారసు చేయను. కొత్త క్యాబినెట్‌లో ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగేలా, వెనుక ఒకటి బయటికి పంపేలా అమర్చాను. లోపలికి వచ్చే గాలి బయటికి పోయేదానికంటే కాస్త ఎక్కువగా ఉంటే, ఫిల్టర్ లేని సందుల గుండా ధూళి లోపలికి రాకుండా ఆ సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. క్యాబినెట్‌ను గోడకు ఆనించకుండా జానెడు దూరం జరపడం కూడా అవసరమే, వెనుక నుంచి పోయే వేడి గాలి గోడకు తగిలి మళ్ళీ చుట్టూ తిరిగి వస్తుంటే ఫ్యాన్ల వల్ల ప్రయోజనం సగమే.

ప్రాసెసర్ వేడి గురించి మాట్లాడేటప్పుడు గ్రాఫిక్స్ కార్డును మరిచిపోవడం పరిపాటి. నా కంప్యూటరులో అసలైన పొయ్యి అదే. దాని 170 వాట్ల వేడిలో ఎక్కువ భాగం క్యాబినెట్‌లోకే వస్తుంది, పైకి లేచిన ఆ వేడి గాలినే ప్రాసెసర్ కూలర్ పీల్చుకుంటుంది. గేమ్ లేకుండా ప్రాసెసర్‌ను మాత్రమే పరీక్షించే సినీబెంచ్ వంటి ప్రోగ్రాముల్లో ఈ ప్రభావం కనబడదు. గ్రాఫిక్స్ కార్డు పవర్ పరిమితిని 80 శాతానికి తగ్గిస్తే అది 136 వాట్లకు మించదు. ఆట తీరులో నాకు తేడా దాదాపు తెలియలేదు కానీ, ప్రాసెసర్ ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు తగ్గింది. ప్రాసెసర్ సెట్టింగులలో ఏదీ ముట్టుకోకుండానే దాని వేడి తగ్గడం చూసి నాకు నిజంగానే ఆశ్చర్యం కలిగింది.

ఆ తరువాతే కూలర్ జోలికి వెళ్ళాను. మూడు వేల రూపాయల లోపు దొరికే, నాలుగు హీట్ పైపులూ (వేడిని పైకి మోసే లోహపు గొట్టాలు) 120 మిల్లీమీటర్ల ఫ్యానూ ఉన్న టవర్ కూలర్ తీసుకున్నాను. దాని ఎత్తు 155 మిల్లీమీటర్లు. కొనేముందు క్యాబినెట్‌లో ఎంత ఎత్తు కూలర్ పడుతుందో, పక్కనున్న ర్యామ్ స్టిక్కులకు అడ్డం వస్తుందో లేదో చూసుకోవాలి. నాది కూర్చునే ఏఎం4 రకం సాకెట్ ప్రాసెసర్ల విషయంలో పాత కూలర్ ఊడదీయడం ఒక ప్రమాదకరమైన ఘట్టం. ఈ ప్రాసెసర్లకు కింది భాగంలో 1331 పిన్నులు ఉంటాయి. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడి దాటడానికి పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి జిగురులా పట్టుకుని ఉంటే, కూలర్‌ను నిలువుగా లాగినప్పుడు లీవరు బిగించి ఉన్నా ప్రాసెసర్ కూడా దానితో పాటే సాకెట్లోంచి ఊడివస్తుంది. అలా వచ్చినప్పుడు పిన్నులు వంగే అవకాశం ఎక్కువ. అందుకని కాసేపు గేమ్ నడిపి పేస్టు మెత్తబడ్డాక కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, స్క్రూలు వదులు చేసి, కూలర్‌ను లాగకుండా ముందు కుడికీ ఎడమకూ మెల్లగా తిప్పాను. పట్టు వదిలినట్టు చేతికి తెలిశాకే పైకి ఎత్తాను. స్క్రూలు పూర్తిగా తీసేటప్పుడు మదర్‌బోర్డు వెనుక ఉండే లోహపు పలకను మరో చేత్తో పట్టుకోకపోతే అది వెనక్కి జారిపోతుంది. మా తమ్ముణ్ణి పక్కన నిలబెట్టి, "ఒరేయ్, ఈ పలక కదలకుండా పట్టుకో" అని ఆ పని వాడికి అప్పగించాను. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త పేస్టును మధ్యలో బఠాణీ గింజంత పెట్టి, స్క్రూలను ఒకదాని తరువాత ఒకటి కాకుండా ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాను.

టవర్ కూలర్‌తో, 38 డిగ్రీల గదిలో, ఆట మధ్యలో ప్రాసెసర్ 69, 70 డిగ్రీలకు దిగింది. ఇంకా పెద్ద కూలర్ పెడితే ఇంకా దిగుతుందా అని ఆలోచించాను కానీ, ఈ ప్రాసెసర్ నిర్మాణం చూస్తే ఆ ఖర్చు దండగ అనిపించింది. ఆరు కోర్లూ ఉన్న చిప్పు విస్తీర్ణం సుమారు 81 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. అంత చిన్న చోట పుట్టే వేడి చిప్పులోంచి పైనున్న లోహపు మూతలోకి రావడమే అసలు ఇరుకు దారి. ఆ మూత మీద ఎంత పెద్ద హీట్‌సింక్ పెట్టినా ఆ ఇరుకు అలాగే ఉంటుంది. 76 వాట్ల ప్రాసెసర్‌కు ఖరీదైన లిక్విడ్ కూలర్ బిగించి, పది డిగ్రీలు తగ్గుతుందని ఆశపడినవారు నిరాశపడటానికి కారణం ఇదే.

ఇక్కడితో ఆగిపోయినా సరిపోయేదే. కానీ వేడి పుట్టిన తరువాత దాన్ని బయటికి తోలడం కంటే అసలు పుట్టకుండా చూడటం తేలిక అన్న సంగతి గ్రాఫిక్స్ కార్డు దగ్గర తెలిసివచ్చింది కాబట్టి, ప్రాసెసర్ వాట్ల మీద కూడా దృష్టి పెట్టాను. వీటిలో అన్నింటికంటే సులువైనది ఫ్రేముల పరిమితి. నేను ఎక్కువగా ఆడే కౌంటర్-స్ట్రైక్ 2 ను ఏ పరిమితీ పెట్టకుండా వదిలేస్తే సెకనుకు 200 దాటి ఫ్రేములు ఇస్తుంది, నా మానిటర్ మాత్రం 144 హెర్ట్జ్, అంటే సెకనుకు 144 ఫ్రేములే చూపగలదు. తెర చూపలేని ఫ్రేములను కూడా ప్రాసెసర్ కష్టపడి తయారు చేస్తూనే ఉంటుంది. పరిమితిని 140కి పెట్టగానే ప్రాసెసర్ వాట్లు ఆటలో 60 నుంచి 48 దాకా పడిపోయాయి. ఉష్ణోగ్రత కూడా దానితో పాటే ఐదారు డిగ్రీలు తగ్గింది. ఈ ఒక్క మార్పునే మొదట చేసి ఉంటే చాలామందికి కూలర్ కొనవలసిన అవసరమే రాదని నా అభిప్రాయం.

తరువాత బయోస్‌లోకి వెళ్ళి ప్రాసెసర్ గరిష్ఠంగా ఎన్ని వాట్లు తీసుకోవచ్చో చెప్పే పీపీటీ అనే పరిమితిని 76 నుంచి 60 వాట్లకు దించాను. దీనివల్ల మామూలు ఆటలో ఏ మార్పూ లేదు, ఎందుకంటే ఆటలో అది 60 దాటడం లేదు. ప్రయోజనమంతా షేడర్ల కంపైలింగ్ వంటి భారీ పనుల్లోనే కనిపించింది. 95 చూపిన చోట ఇప్పుడు 73 కంటే ఎక్కువ చూపడం లేదు, ఆ పనికి పట్టే సమయం కొద్దిగా మాత్రమే పెరిగింది. చివరి మెట్టుగా బయోస్‌లోనే ఉండే కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగుతో వోల్టేజీ తగ్గించాను. ఇందులో ఒక మెలిక ఉంది. వాట్ల పరిమితిని అలాగే ఉంచి వోల్టేజీ మాత్రమే తగ్గిస్తే, అన్ని కోర్లూ పనిచేసేటప్పుడు ప్రాసెసర్ మిగిలిన వాట్లను వేగం పెంచుకోవడానికి వాడుకుంటుంది, వేడి తగ్గదు. పరిమితి కూడా దించినప్పుడే, పోయిన వేగంలో కొంత తిరిగి వస్తూ వేడి తక్కువగానే ఉంటుంది. ఈ విలువను మైనస్ 30 దాకా దించవచ్చు కానీ ప్రతి చిప్పూ తట్టుకోదు. నా చిప్పు మైనస్ 25 దగ్గర భారీ పరీక్షలన్నీ నెగ్గింది. అయినా ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు దానంతట అదే రీస్టార్ట్ అయ్యేది. తక్కువ భారంలో ఒకే కోరు హఠాత్తుగా గరిష్ఠ వేగం అందుకునే క్షణాల్లో వోల్టేజీ చాలకపోవడమే దీనికి కారణం. మైనస్ 12 దగ్గర స్థిరపడింది.

ఫ్యాన్ల వేగం విషయంలో ఒక్క మాట. రైజెన్ ప్రాసెసర్లు బ్రౌజర్‌లో ఒక పేజీ తెరిచినా క్షణంలో పది పదిహేను డిగ్రీలు ఎగిరి మళ్ళీ దిగుతాయి. ఫ్యాన్లు ఆ ఎగుడుదిగుళ్ళను వెంటనే అనుసరిస్తే రాత్రిపూట ఆ రొద భరించలేము. బయోస్‌లో ఫ్యాన్ స్పందనకు కొన్ని సెకన్ల ఆలస్యం పెడితే సరిపోతుంది.

గదిని చల్లబరచడం గురించి కూడా ఆలోచించాను. గేమ్ నడిచేటప్పుడు మానిటర్‌తో సహా నా కంప్యూటరు 280 వాట్ల దాకా తీసుకునేది. ఆ కరెంటంతా చివరికి గదిలో వేడిగానే మిగులుతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వెలువడుతుంది కాబట్టి, తలుపులు మూసిన గదిలో నాతో పాటు మరో ముగ్గురు కూర్చున్నట్టే లెక్క. పై మార్పుల తరువాత అది 200 దరిదాపులకు దిగింది, ఆ తేడా నా ఒంటికి కూడా తెలుస్తోంది. డాబా మీద నాన్నగారు సున్నం పూయించిన తరువాత రాత్రిపూట గది ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు తక్కువగా ఉంటోంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇలాంటి పైకప్పుల కోసమే. గదిని చల్లబరిచే నీళ్ళ కూలర్ మాత్రం మా ఊరికి అంతగా నప్పదు. పొడి గాలి వీచే తెలంగాణ జిల్లాల్లో అది బాగా పనిచేస్తుంది కానీ, ఇక్కడి ఉక్కపోతలో గాలికి తేమ జోడించడం తప్ప చల్లబరిచేది తక్కువ. తేమ తగిలిన ధూళి ఫిల్టర్‌కు పేస్టులా అంటుకుపోతుంది.

ఏసీ గదిలో ఆడే మిత్రులకు ప్రాసెసర్ వేడి సమస్య ఉండదు. టన్నున్నర ఏసీ గదిలోంచి సుమారు 5 కిలోవాట్ల వేడిని తీసేయగలదు కాబట్టి దానికి కంప్యూటరు ఒక లెక్క కాదు. అయితే కోస్తాలో ఒక జాగ్రత్త అవసరం. గంటలకొద్దీ ఏసీ నడిచిన గదిలో ఆపి ఉంచిన కంప్యూటరు లోహపు భాగాలు చల్లబడి ఉంటాయి. అప్పుడు ఒక్కసారిగా కిటికీలు తెరిస్తే బయటి తేమ గాలి వాటి మీద నీటి పొరగా పేరుకునే అవకాశం ఉంటుంది. నడుస్తున్న కంప్యూటరులో భాగాలు గది కంటే వేడిగా ఉంటాయి కనుక ఆ భయం లేదు. ఆపి ఉన్నదాన్ని మాత్రం గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆన్ చేయకుండా ఉండటం మేలు.

రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు. పోయిన రోహిణి కార్తెలో, గది 39 డిగ్రీలు ఉన్న రాత్రి, అరగంట ఆట తరువాత ప్రాసెసర్ 64 డిగ్రీల దగ్గర నిలిచింది. తేడా ఇరవై అయిదు. జనవరిలో మొదటి కూలర్‌తో నలభై అయిదు ఉండేది. ఈ సెట్టింగులన్నింటినీ బయోస్‌లో వేసవి ప్రొఫైల్‌గా దాచి, పూర్తి వాట్లు ఇచ్చే మరో ప్రొఫైల్‌ను చలికాలం కోసం పక్కన పెట్టాను. డిసెంబరులో దాన్ని లోడ్ చేసి చూస్తే ఆటలో తేడా కనిపించలేదు, ఫ్యాన్ల చప్పుడు మాత్రం పెరిగింది. మళ్ళీ వేసవి ప్రొఫైల్‌కే మార్చేశాను, ఏడాది పొడవునా ఇప్పుడు అదే నడుస్తోంది. ఫిల్టర్ కడగడం మాత్రం ఉగాదికి ముందు ఒకసారి, ఆ తరువాత వానలు మొదలయ్యేదాకా నెలకోసారి తప్పడం లేదు.